పేజీ మారని రోజులు

4 మార్చి

"రెండో తాళంచెవి నీదే బావా."

పందొమ్మిదేళ్ళ కిందట లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని మా బావమరిది అన్న మాట ఇది. చేతిలో స్క్రూడ్రైవరు తిప్పుతూ అన్నాడు. పక్కన మా ఆవిడ ఉంది. తమ్ముడి మాటకు హామీదారులా తలూపింది. నేను లైబ్రరీ మూసే వేళకు ఆ మెట్ల మీద పదిమంది చేరి పుస్తకాల మీద జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళం. ఆ గుంపు కోసం వాడు ఇంటర్నెట్‌లో ఒక చోటు కట్టి, దానికి "మెట్లు" అని పేరు పెట్టాడు. దాన్ని తెరిచే మూసే అధికారం ఇద్దరి దగ్గరా ఉంటుంది, నన్నడగకుండా ఒక్క రాయి కదపడు. ఇదీ మాట.

మూడేళ్ళు తిరక్కుండా ఆ రెండో తాళంచెవి మా గుంపులోని దర్జీ చేతిలో పెట్టాడు. నా దగ్గరుంటే అందర్నీ బయటికి గెంటేస్తానని భయమట. నేను గెంటింది ముగ్గుర్ని. ముగ్గురూ చదవకుండా మాట్లాడేవాళ్ళే.

మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. హామీ ఎవరిని అడగను?

ఇవాళ నోటీసు పెట్టాడు. మెట్లు మొత్తం కొత్త చోటికి మారుస్తాడట. పందొమ్మిదేళ్ళ రాతకోతలన్నీ మూటగట్టి మోసుకుపోతాడట. నోటీసు కింద అప్పుడే ముప్ఫైమంది "శుభం" అన్నారు. వీళ్ళలో సగంమందికి నవలకూ న్యూసుపేపరుకూ తేడా నేను చెప్పిందే.

5 మార్చి

నేనే ఫోన్ చేశాను. అందరూ వాణ్ణి "కరెంటు" అంటారు, చేసే పని అదే కాబట్టి. నన్ను "బీరువా" అంటారు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి కాబట్టి.

"అడగాలనిపించలేదా?" అన్నాను.

"అడిగితే వద్దంటావు బావా."

"వద్దంటాననే అడగాలి."

"పాతది కూలిపోతోంది. వారానికి రెండుసార్లు పడిపోతుంటే నిచ్చెనేసుకుని లేపుతున్నా. జూదం ప్రకటనలు చెదల్లా పట్టాయి. నీ కంటికి కనపడకుండా రోజూ నేను దులుపుతున్నా కాబట్టి నీకది శుభ్రంగా ఉంది."

"ఇరవయ్యేళ్ళుగా దులుపుతున్నవాడివి, ఇంకో పదేళ్ళు దులిపితే నేను పోతాను. తర్వాత నీ ఇష్టం."

"అక్క ఉంటే ఈ మాటకి నెత్తిన మొట్టేది."

నేను పెట్టేశాను. చచ్చిన మనిషిని సాక్షికి పిలిచేవాడితో మాటలేమిటి?

10 మార్చి

పేజీల జాబితాను కూడా యంత్రానికి అప్పగిస్తారట. ఇది మాత్రం సహించలేకపోతున్నాను.

అది నేను పెట్టిన పద్ధతి. మాలో పోస్ట్‌మ్యాన్ ఒకడుండేవాడు. ఒంటరివాడు. తొమ్మిది రోజులు ఏమీ రాయకపోతే అలిగాడనుకున్నాం. పదో రోజు వాసన చెప్పింది. ఆ వారమే నేను కూర్చుని నియమం రాశాను. రోజూ పొద్దున ప్రతివాళ్ళూ తాము చదువుతున్న పుస్తకంలో ఎన్నో పేజీలో ఉన్నారో ఆ అంకె ఒక్కటి మెట్ల మీద పెట్టాలి. కుశలప్రశ్నలు వద్దు, దండాలు వద్దు, అంకె చాలు. పన్నెండింటికల్లా అంకె రాకపోతే ఫోన్ చెయ్యాలి. ఫోనెత్తకపోతే దగ్గర్లో ఉన్నవాళ్ళు వెళ్ళి తలుపు తట్టాలి. మూడు రోజులు ఒకే అంకె పెట్టినా అంతే, ఫోన్ చెయ్యాలి. మనిషి చదవడం మానేశాడంటే ఏదో అయిందన్నమాట.

పదమూడేళ్ళలో ఈ అంకెలు నలుగుర్ని బతికించాయి. కొత్త చోట అంకె రాకపోతే యంత్రమే గంట కొడుతుందట. యంత్రానికి ఆత్రం ఏముంటుంది? మనిషి అంకెను మనిషి చూడాలి.

16 మార్చి

వెళ్ళారు.

పాత మెట్లు ఆర్నెల్లు తెరిచే ఉంచుతాడట, నా మీద దయతో.

17 మార్చి

కొత్త కాపురం చూద్దామని బయటి నుంచి తొంగిచూశాను. చేరలేదు, చూశానంతే. ప్రతి రాత కిందా ఒక బొటనవేలు బొమ్మ. పుస్తకం మీద యాభై వాక్యాలు రాస్తే ఒకడొచ్చి బొటనవేలు చూపించి పోతాడు. మా రోజుల్లో దాన్ని ఎగతాళి అనేవారు.

నా పదకొండువేల రాతలూ అక్కడున్నాయి. ఒక్కదాని కింద కూడా నా పేరు లేదు. అన్నిటి కిందా "అతిథి" అని ఉంది. పందొమ్మిదేళ్ళు ఇంటి పెద్దగా ఉన్నవాణ్ణి అతిథిని చేశారు.

కరెంటుని నిలదీశాను. "అది మూటగట్టినప్పుడు జరిగిన పొరపాటు బావా. నువ్వొచ్చి ఒక్కసారి చేరి, ఇవి నావీ అని ఒప్పుకుంటే అన్నీ నీ పేరు మీదికొచ్చేస్తాయి. రెండు నిమిషాల పని."

నా రాతలు నావేనని వాడి గుమ్మంలో నిలబడి ఒప్పుకోవాలట.

18 మార్చి

పాతచోట మొత్తం అయిదుగురు మిగిలామని నిన్న లెక్కపెట్టుకున్నాను. ఇవాళ ఇద్దరం. నేనూ, లెక్కల టీచరూ.

ఆవిడకి డెబ్భై ఎనిమిది. నది అవతల మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కథలు మొదలుపెట్టింది. కథల్లో కూడా తేడా వస్తే పట్టుకుంటుంది: "నలభయ్యో పేజీలో వాడికి ఇద్దరు చెల్లెళ్ళు, నూట పదిలో ముగ్గురు. మూడోది ఎప్పుడు పుట్టింది?" ఇలాంటి మనిషి వాళ్ళ బొటనవేళ్ళ మధ్య ఏం చేస్తుంది?

దర్జీ ఫోన్ చేసింది. టీచరుగారికి నాలుగు వీధుల ఇవతలే ఆమె కొట్టు.

"బాబాయ్, కొత్తచోట టీచరుగారి పేరుకి ఎదురుగా రోజూ గంట కొడుతోంది. ఆవిడ అక్కడ రాయట్లేదుగా. ఏం చెయ్యమంటారు?"

"పేరు కొట్టెయ్. ఆవిడ నాతో ఉంది. ఆవిడ పేజీ నేను చూస్తాను."

"రోజూ చూస్తారుగా?"

"నియమం రాసింది ఎవరమ్మా?"

"సరే బాబాయ్. మీ మాట మీద కొట్టేస్తున్నా."

22 మార్చి

టీచరు ఫోన్ చేసింది.

"బీరువాగారూ, నేను కూడా వెళ్ళొద్దూ? అందరూ అక్కడే ఉన్నారుగా."

"అందరూ ఉన్నచోట పుస్తకాలుండవు టీచరుగారూ."

"మీ నోరు ఊరుకోదు కదా! కరెంటుగారు ఆదివారం ఇంటికొచ్చి నేర్పిస్తానన్నాడు."

"వాడొస్తే నేర్పడంతో ఆగడు, మీ ఫోను సాంతం మార్చేసి పోతాడు. తర్వాత మీ అక్షరాలు మీకే కనపడవు."

"అమ్మో. ఇప్పటికే కళ్ళు సగంరోజు సెలవు పెడుతున్నాయి."

"మీ పేజీ నేను చూస్తున్నాను. ఇంకెవరు కావాలి?"

ఆవిడ నవ్వింది. "చివరి బెంచీలో ఒక్కడు వింటున్నా పాఠం చెప్పేదాన్ని. మీరు చూస్తే చాలు లెండి."

ఆదివారం రావద్దని కరెంటుకి ఆవిడే చెప్పేసింది. నేను బలవంతపెట్టలేదు. ఈ సంగతి రాసి ఉంచుకోవడం మంచిది: నేను బలవంతపెట్టలేదు.

2 ఏప్రిల్

ఆవిడ 167. నేను 58.

ఆవిడ చదువుతున్నది నేనిచ్చిన నవలే. బావులు తవ్వేవాళ్ళ కుటుంబం కథ, అయిదొందల పేజీలు. నా కాపీ ఇవ్వడం నాకు అలవాటు లేదు. ఇచ్చాను.

ఖాళీ మెట్ల మీద రెండు అంకెలు. ఇంత శాంతిగా ఈ చోటు ఎప్పుడూ లేదు.

6 ఏప్రిల్

189. 71.

కొత్తచోట ఒక కుర్రకుంక "పెద్ద నవలలు ఎందుకు చదవాలి" అని చర్చ పెట్టాడు. ఎనభై జవాబులు. అందులో ఒకటి నాదే, పన్నెండేళ్ళ కిందటిది, ఎవడో తవ్వి తెచ్చి అతికించాడు. కింద "ఎవరో అతిథి బాగా చెప్పారు" అని రాశాడు.

అన్నం సహించలేదు.

10 ఏప్రిల్

212.

ఇరవయ్యొకటో అధ్యాయం. పెద్దకొడుకు బావిలోకి దిగే ఘట్టం. అక్కడ ఎవరైనా కాసేపు ఆగుతారు.

11 ఏప్రిల్

212.

12 ఏప్రిల్

212. నేను 96.

ఆలోచించాను. టీచరు రోజుకి అయిదారు పేజీలు చదివే మనిషి, గడియారంలాగా. మూడు రోజులు ఒకేచోట ఆగిందంటే కావాలనే ఆగింది. మొన్న కరెంటు కొత్తచోట "పాతచోటు మూసే తేదీ" అని ప్రకటన వేశాడు. ఆవిడ కూడా చూసే ఉంటుంది. అంకెలు తెలిసిన మనిషి అంకెతోనే సమాధానం చెప్పింది: కదలను.

ఇలాంటి నిరసన ఈ కాలంలో ఎవరికి చాతనవుతుంది?

ఫోన్ చెయ్యాలి నిజానికి. మూడు రోజుల నియమం నాదే. కానీ చేస్తే ఆవిడ చేసిన పనికి అర్థం తెలియనివాడిలా ఉంటుంది. ఫోన్ బదులు ఆవిడ అంకె కింద రాశాను: "శభాష్ టీచరుగారూ."

13 ఏప్రిల్

212.

నేను కూడా 96 దగ్గరే ఆగిపోయాను, తోడుగా.

14 ఏప్రిల్

పన్నెండైంది. అంకె లేదు.

పన్నెండుంపావుకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. స్నానానికి వెళ్ళి ఉంటుంది. రెండింటికి మళ్ళీ చేశాను.

ఒక అనుమానం పట్టుకుంది. కొత్తచోటికి వెళ్ళి సభ్యుల జాబితా చూశాను. ఈ వారంలో ఆరుగురు కొత్తగా చేరారు. ఇద్దరికి పేర్లు లేవు, బొమ్మలు లేవు. వాళ్ళలో ఒకరు టీచరు కాదని ఏమిటి నమ్మకం? కరెంటు వెళ్ళే ఉంటాడు. ఫోను చేతిలోంచి తీసుకుని, టకటకా నొక్కి, "ఇంతే టీచరుగారూ" అనే ఉంటాడు. నాకు మొహం చూపించలేక ఫోనెత్తడంలేదు.

మా ఆవిడ కూడా చివర్లో నాకంటే తమ్ముడి మాటే వినేది.

15 ఏప్రిల్

అంకె లేదు. ఫోన్ చెయ్యలేదు. వెళ్ళినవాళ్ళని వెనక్కి పిలవడం నా అలవాటు కాదు.

సాయంత్రం దర్జీ ఫోన్. కుట్టుమిషను చప్పుడు ఆపకుండానే మాట్లాడింది. "ఏంలేదు బాబాయ్, టీచరుగారు జాకెట్లు తీసుకెళ్తానని రాలేదు. ఆవిడ పేజీ నడుస్తోందిగా?"

దర్జీ తెలిసే అడుగుతోందనిపించింది. టీచరు కూడా నన్ను వదిలేసిందని నా నోటితో చెప్పించి, కరెంటుకి మోసి నవ్వుకోవడానికి.

"నడుస్తోంది" అన్నాను.

"హమ్మయ్య. అయితే రేపు మనిషితో పంపిస్తాలే."

16 ఏప్రిల్

నది దాటి వెళ్ళాను. మొహమ్మీదే అడిగేద్దామని బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను.

17 ఏప్రిల్

రాయను.

20 ఏప్రిల్

రాస్తాను. ఎవరు చదువుతారు గనక?

మూడంతస్తులు ఎక్కేసరికి రొప్పు వచ్చింది. టీచరు తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది. ఎదురింటి నర్సు చీపురుతో చెక్కపొట్టు ఊడుస్తోంది. నన్ను చూసి ఆగింది.

"మీరు పేజీలాయనా?"

అవునన్నాను.

ఆ పొద్దున్నే తలుపు పగలగొట్టారట. దర్జీ పంపిన మనిషి జాకెట్లు పట్టుకుని ఎంత కొట్టినా తియ్యకపోతే. వంటగది గుమ్మంలో పడి ఉందట. ఆస్పత్రికి తీసుకెళ్తే, పడి రెండు రోజులైందన్నారట డాక్టర్లు. ఊపిరి ఉంది. నేను బస్సులో ఉండగా అదీ పోయింది.

నర్సు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. తనే చెప్పుకుపోయింది.

"పోయిన వారం నుంచే తల తిరుగుతోందనీ, ఎడం కన్ను మసకేసిందనీ అన్నారండీ. అక్షరాలు కలిసిపోతున్నాయి, పుస్తకం పట్టుకోలేకపోతున్నానన్నారు. నేను డ్యూటీకి పోతూ, పదండి టీచరుగారూ, నాతో ఆస్పత్రికి రండి, ఒక గంటలో చూపించి పంపేస్తానన్నాను. ఆదివారం అది. వినలేదండీ. నాకోసం ఒకాయన ఉన్నాడు, నా పేజీ రోజూ చూస్తాడు, మారకపోతే ఆయనే ఫోన్ చేస్తాడు అన్నారు. చెయ్యలేదు కదా అన్నాను. చెయ్యలేదంటే అంత పెద్దదేం కాదన్నమాట, ఆయన లెక్క తప్పడు అన్నారు."

నేను నీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాను.

"ఇంకోటండీ. మర్నాడు సెలవులు కలిసొచ్చి నేను మా అక్క దగ్గరికి బయల్దేరుతుంటే ఫోను నాకిచ్చి, ఆయనేదో రాశాడు, కాస్త చదివిపెట్టమ్మా అన్నారు. శభాష్ టీచరుగారూ అని ఉంది. ఎందుకండీ శభాష్ అంటే, నాకూ అర్థం కాలేదే అని నవ్వారు. సరే, బాగున్నట్టే లెక్క అన్నారు."

నర్సు లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా పుస్తకమే. లోపల దర్జీ కొట్టు రశీదు ముక్క గుర్తుగా పెట్టి ఉంది. ఏ పేజీలో ఉందో నేను చూడక్కర్లేదు.

ఆదివారం అంటే పన్నెండో తేదీ.

21 ఏప్రిల్

దర్జీ ఫోన్ చేసింది. ఇవాళ మిషను చప్పుడు లేదు.

"నడుస్తోందన్నారు కదా బాబాయ్."

నేను పెట్టేశాను. ఆమె మళ్ళీ చెయ్యలేదు.

24 ఏప్రిల్

కొత్తచోట టీచరు జ్ఞాపకాలు రాస్తున్నారు. నూట నలభైమంది. ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు, తిట్లు తిన్నవాళ్ళు. వాళ్ళలో ఎవరూ నన్నొక్క మాట అనలేదు. అంటే జవాబు చెప్పి ఉండేవాణ్ణి.

కరెంటు ఒక్క వాక్యం రాశాడు: "ఆ ఆదివారం వెళ్ళి ఉండాల్సింది." ఎవరి మీద విసిరిన రాయి అది?

న్యాయంగా ఆలోచిద్దాం. మూకుమ్మడిగా ఇక్కడే ఉండి ఉంటే అరవైమంది ఆ 212ని చూసేవాళ్ళు. రెండో రోజే ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్ళు. అరవై జతల కళ్ళని ఒకచోటి నుంచి లేపుకుపోయి, ఒక ముసలివాడి రెండు కళ్ళు మిగిల్చింది ఎవరు? తాళంచెవి నా దగ్గరుంటే ఈ చోటు కదిలేదే కాదు. ఇందులో ఒక్క మెట్టు కూడా తప్పు లేదు. నాలుగుసార్లు చూశాను.

28 ఏప్రిల్

నా పుస్తకం పక్కన పెట్టేసి ఆవిడ చదివింది పట్టుకున్నాను. ఎలాగూ నాదే. గుర్తు పెట్టిన చోటి నుంచి మొదలుపెట్టాను. పెద్దకొడుకు నడుముకి తాడు కట్టుకుంటాడు. పైన తాడు పట్టుకున్నవాడు "నేనున్నాగా, దిగు" అంటాడు.

మూసేశాను.

30 ఏప్రిల్

పాత మెట్ల మీద ఇంకెవరూ లేరు. అలవాటు కొద్దీ అంకె పెట్టాను. 212.

1 మే

212. మళ్ళీ ప్రయత్నించాను. ఆ పేజీ దాటలేదు. ఎవర్నో పరీక్షించడానికి పెడుతున్నది కాదు. నేనున్న పేజీ అదే, అబద్ధం రాయలేను.

ఈ వాక్యం రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

2 మే

212.

పొద్దున్నించీ ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు.

3 మే

పదకొండైంది. తలుపు కొడుతున్నారు.

"బావా! నేనే. తలుపు తియ్యి."

నేను కదల్లేదు.

"ఉన్నావని తెలుసు, కుర్చీ చప్పుడు వినపడింది. మూడు రోజుల్నించీ ఒకే అంకె. ఫోనెత్తట్లేదు. టీచరుగారు పోయినప్పట్నించీ పాతచోటు రోజూ చూస్తున్నా, పొద్దున ఒకసారి, పన్నెండింటికొకసారి. నియమం నీదే కదా, నేను పాటిస్తున్నా."

ఊపిరి పీల్చుకున్నాడు. వాడికీ అరవై ఆరు. మెట్లెక్కితే ఆయాసం.

"దర్జీ నాకేం చెప్పలేదు బావా. నేనూ అడగలేదు. ఏమీ మాట్లాడొద్దు, తిట్టాలంటే తిట్టు. ముందు తలుపు తియ్యి. స్క్రూడ్రైవరు తెచ్చా, నువ్వు తియ్యకపోతే గొళ్ళెం నేనే ఊడదీస్తా."

ఊడదీస్తాడు. పనిమంతుడు. గొళ్ళెం మీద ఇనుము గీరుకునే చప్పుడు మొదలైంది కూడా.

లేవాలి. మోకాళ్ళు సర్దుకోవడానికి కాస్త టైము పడుతుంది. ఈలోగా ఇది రాసిపెట్టాలి. వాడి మొహం చూశాక చెయ్యి ఆడుతుందో లేదో. మాటిచ్చి తప్పింది వాడు. చోటు కదిపింది వాడు. ఆదివారం రావద్దంటే ఆగిపోయింది వాడు. తప్పును వాడి మీది నుంచి దించితే గాలిలో ఉండిపోదు, ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. ఈ గదిలో ఇంకో మనిషి లేడు.

మొదటి స్క్రూ కింద పడింది.

అందుకని, ఇవాళ్టికి కూడా, నేను తప్పు పట్టేది కరెంటునే.